ఇంగ్లండు రాజ్యతంత్రము: రాజు, మంత్రులు, సభ

ఇంగ్లండు రాజ్యతంత్రమును గూర్చిన శాసనములను మాత్రమే చదివినవారికి ఆ దేశమున సర్వమును రాజే చేయుచున్నట్లు తోఁచును. శాసనములు చేయువాఁడు రాజు. పార్లమెంటును బిలుచువాఁడును జాలించువాఁడును రాజు. మంత్రులు రాజు మంత్రులు. సైన్యములు రాజు సైన్యములు. న్యాయస్థానములు రాజు న్యాయస్థానములు. మంత్రివర్గము నెదిరించి సభలోఁ గూర్చుండు ప్రతిపక్షమువారికి సయితము రాజభక్తిగల ప్రతిపక్షమనియే పేరు. ఇఁక నిత్యవ్యవహారమును మాత్రమే చూచినవారికి రాజు తనంతట దేనిని జేయుచున్నట్లును గానరాదు. సింహాసనమునుండి యాతఁడు చదువు నుపన్యాసమైనను మంత్రులు వ్రాసి యిచ్చినదే.

కావున రెండు పక్షములు పుట్టినవి. రాజు కేవలము కొయ్యబొమ్మయని యొక పక్షము. అధికారమంతయు రాజునందే యణఁగియున్నది, తలఁచినప్పుడు పైకిఁ దీయవచ్చునని రెండవ పక్షము. మొదటిది వ్యవహారమును జూచి శాసనమును మఱచినది. రెండవది శాసనమును జూచి వ్యవహారమును మఱచినది. అచ్చటి రాజ్యాంగము ఒక్క గ్రంథముగాఁ గూర్పఁబడినది కాదు. కొంత శాసనములందును, కొంత న్యాయస్థానముల తీర్పులందును, మిగిలినది శతాబ్దముల యాచారమునందును ఉన్నది. కనుక నా యాచార మెట్లేర్పడెనో తెలిసికొననిదే ఈ రెండు పక్షముల బలాబలములు తేలవు.

ధనాధికారము

ఇంగ్లండున రాజాధికారమునకు మేర యేర్పడుటను 1215 వ సంవత్సరమున జాన్ రాజు రన్నీమీడు మైదానమున నంగీకరించిన మహాశాసనపత్రమునుండి లెక్కించుట వాడుక. కాని యది ముఖ్యముగాఁ బ్రభువులు తమ హక్కులకై పొందిన పత్రము. ప్రజాప్రతినిధులతోఁ గూడిన సభ యప్పటి కింకను బుట్టలేదు. 1265 లో సైమన్ డి మాంట్‌ఫర్టు పిలిపించిన సభకుఁ బట్టణముల ప్రతినిధులును వచ్చిరి. 1295 లో మొదటి ఎడ్వర్డు రాజు మండలములనుండియుఁ బట్టణములనుండియుఁ బ్రతినిధులను రావించెను. రాజునకు వారి యాలోచనకంటె వారి ధనముతోనే పని యెక్కువ. యుద్ధమునకు ధనము కావలెను. ధనమునకు సమ్మతి కావలెను. సమ్మతి నిచ్చుటకు ముందు ప్రతినిధులు తమ బాధలను జెప్పుకొనిరి. బాధ తీర్చినఁ బన్ను, తీర్పకున్న లేదు. శాసనాధికారమంతయు నీ బీజమునుండి మొలచినదే.

మొదటి చార్లెసు రాజు ఈ క్రమమును దప్పించుకొనఁ జూచెను. 1629 మొదలు 1640 వఱకుఁ బదునొకండేండ్లు పార్లమెంటును బిలువక పరిపాలించెను. సముద్రతీరపట్టణములనుండి యుద్ధకాలమున నౌకలకై తీసికొను పన్నును సభ సమ్మతి లేకయే లోపలి మండలములపైని సయితము విధించెను. చివరకు ధనము చాలక సభను బిలువక తప్పలేదు. 1642 వ సంవత్సరము జనవరి 4 వ తేదీని ఐదుగురు సభ్యులను బట్టుకొనుటకై సాయుధభటులతో వచ్చి, తానే సామాన్యుల సభలోఁ బ్రవేశించెను. సభ్యు లైదుగురును ముందే తప్పించుకొనిరి. వా రెచ్చటనని యడుగఁగా సభాధ్యక్షుఁడు విలియం లెంథాలు మోకరిల్లియే, సభ యాజ్ఞ లేక చెప్పుట తన కధికారము లేదని యుత్తర మిచ్చెను. అటుపిమ్మట నంతర్యుద్ధమును, 1649 జనవరి 30 వ తేదీని రాజుయొక్క శిరశ్ఛేదమును జరిగెను. ఆనాఁటినుండి నేఁటివఱకు నే రాజును సామాన్యుల సభలో నడుగు పెట్టలేదు. ఇప్పటికిని బార్లమెంటు ప్రారంభదినమున రాజదూత వచ్చునప్పుడు సభవారు తలుపును మొగముమీఁద మూసి, యాతఁడు మూఁడుమాఱులు తట్టినపిదపనే తెఱతురు. ఇది కేవలము వేడుక కాదు. 1642 ను మఱవకుండుటకై చేయు స్మరణము.

శిరశ్ఛేదముచేతను సమస్య తీఱలేదు. రాజులేని రాజ్యము పదునొకండేండ్లకే ముగిసి 1660 లో రాజవంశము మరల వచ్చెను. 1688 లో రెండవ జేమ్సు శాసనములను దన యిచ్చవచ్చినట్లు నిలిపివేయఁబోయి, ప్రజాగ్రహమునకు వెఱచి దేశము విడిచెను. అప్పుడు సింహాసనమును బొందిన మూఁడవ విలియము, రెండవ మేరీ దంపతుల కాలమున 1689 లో హక్కుల శాసనము పుట్టెను. పార్లమెంటు సమ్మతి లేక రాజు శాసనములను నిలుపరాదు, పన్ను విధింపరాదు, శాంతికాలమున స్థిరసైన్యమును బోషింపరాదు, సభలోని మాటలకు సభ వెలుపల విచారణ కూడదు. ఆ యేఁటనే సైన్యక్రమశిక్షణకైన శాసనమును గొద్దికాలమునకు మాత్రమే యిచ్చిరి. ఆ గడువు తీఱునప్పుడెల్ల మరల సభ సమ్మతి కావలసివచ్చెను. ధనమును సైన్యమును గడువులతో నిచ్చుటచేతఁ బార్లమెంటు ఏటేఁటఁ గూడుట రాజు దయపై నాధారపడక యవసరమయ్యెను. 1760 లో మూఁడవ జార్జి రాజభూముల యాదాయమును బొక్కసమునకు విడిచి, బదులుగా నియతమైన వార్షికభృతిని బుచ్చుకొనుటతో రాజకుటుంబవ్యయమును సభ యెఱుకలోనిది యయ్యెను.

మంత్రుల బాధ్యత

రాజు తప్పు చేయఁడని యింగ్లండున నొక ధర్మవచనము కలదు. దీనిని రాజస్తుతిగాఁ గొంద ఱెంచిరి. దాని యర్థము వేఱు. రాజు తప్పు చేయఁడు కాఁబట్టి తప్పు జరిగిన యెడల నది మఱియొకనిది కావలెను. ఆ మఱియొకఁడు మంత్రి. ఈ సంగతి డాన్బీ ప్రభువు విషయమున స్పష్టపడెను. రెండవ చార్లెసుయొక్క మంత్రియగు నాతనిపై 1678 లో సామాన్యుల సభ యభియోగము మోపఁగా, రాజునుండి తాను క్షమాపత్రమును బొందితినని యాతఁడు వాదించెను. సభ దాని నొప్పుకొనలేదు. 1701 నాఁటి వారసత్వశాసనము, సభ చేసిన యభియోగమునకు రాజక్షమాపత్రము సమాధానము కానేరదని విధించెను. రాజాజ్ఞ మంత్రికిఁ గవచము గాకపోవుటతో, మంత్రులు దమకు సమ్మతము కాని యాజ్ఞను రాజు పేరఁ జేయ నొల్లరైరి. రాజు తల పోనవసరము లేకయే రాజ్యమును సరిదిద్దు మార్గము దొరకెను.

ఈ సంబంధమును వ్యాకరణపరిభాషతోఁ జెప్పుట సులభము. స్థానమున వచ్చిన యాదేశము స్థానివలెనే కార్యములను బొందును. స్థాని కనఁబడకపోయినను దాని ధర్మము నశింపదు. ఆదేశము దాని పేరనే ప్రవర్తించును. ఇంగ్లండున రాజు స్థాని, మంత్రి యాదేశము. మంత్రి చేసిన దంతయు రాజు చేసినట్లే శాసనమున లెక్క. అయినను ఆదేశమును దెచ్చు నిమిత్తము స్థానికి లోఁబడినది కాదు, బయటిది. ఆ నిమిత్తము సామాన్యుల సభయొక్క విశ్వాసము. అది యున్నంతవఱకే మంత్రి మంత్రి.

మంత్రివర్గము

ఈ నిమిత్తము ఒక్కనాఁడు గాని యొక్క శాసనముచేతఁ గాని యేర్పడలేదు. సభలు రెండును జేసిన శాసనమును రాజు నిరాకరించుట 1708 లో ఆన్ రాణి కాలమునఁ గడపటిసారి జరిగెను. స్కాట్లండు ప్రజాసైన్యమునుగూర్చిన యా శాసనమును గూడ రాణి మంత్రుల సలహాచేతనే నిరాకరించెను. సమ్మతియు నిరాకరణమును దెలుపుటకు నేఁటికిని బూర్వపు ఫ్రెంచిపదములే వాడుకలో నున్నవి. రాజున కిష్టమే యనునర్థముగల మాట సమ్మతికి, రాజు ఆలోచించును అనునర్థముగల మాట నిరాకరణమునకు. రెండవది మూఁడువందల యేండ్లకుఁ బైగా నెవరినోటను వెలువడలేదు.

1714 లో హానోవరునుండి వచ్చిన మొదటి జార్జికి ఇంగ్లీషు భాషతోఁ బరిచయ మల్పము. ఆతఁడు క్రమముగా మంత్రుల గోష్ఠికి వచ్చుట మానెను. రాజు లేని గోష్ఠికి నాయకుఁడు కావలసివచ్చెను. 1721 మొదలు 1742 వఱకు నా స్థానము నాక్రమించిన రాబర్టు వాల్పోలు మొదటి ప్రధానమంత్రియని చరిత్రకారులు లెక్కింతురు. శాసనమున నా పదవికి నాఁడు పేరైనను లేదు; ఆతఁడు కోశాగారమునకుఁ బ్రథమాధికారి మాత్రమే. రెండవ జార్జి యిచ్చిన డౌనింగువీథి 10 వ నంబరు గృహమును దన సొంతమునకు గాక పదవికిఁ జెందునట్లు పుచ్చుకొని 1735 లో నందుఁ బ్రవేశించెను. 1742 లో సభలో బలము తగ్గఁగా రాజానుగ్రహ ముండియు వాల్పోలు పదవిని విడిచెను. 1782 లో అమెరికాయుద్ధమున నోటమి కలిగినపిదప నార్తు ప్రభువు మంత్రివర్గ మించుమించు మొత్తముగాఁ దొలఁగెను.

అయినను మార్గము తిన్నగా సాగలేదు. 1783 లో ఫాక్సు తెచ్చిన ఈస్టిండియా కంపెనీ పాలనశాసనమునకు వోటిచ్చువారిని దన శత్రువులుగా నెంచెదనని మూఁడవ జార్జి ప్రభువుల సభకుఁ దెలియఁజేసి యా శాసనమును బడఁగొట్టించెను. మంత్రులను దొలఁగించి యిరువదినాలుగేండ్ల విలియం పిట్టును బ్రధానిగాఁ జేసెను. సభ పిట్టును బలుమాఱు లోడించెను. కాని 1784 నాఁటి యెన్నికలలోఁ బిట్టు జయించెను గాన రాజు చేసినది చెల్లెను. ఇచ్చట గమనింపవలసినది చెల్లుట రాజాధికారముచేతఁ గాక యెన్నికచేత ననుట.

అర్ధశతాబ్ద మైనపిదప నిదే పని మఱొకరాజు చేసి ఫలము పొందలేకపోయెను. 1834 నవంబరులో నాలుగవ విలియము మెల్బోర్ను మంత్రివర్గమును దొలఁగించి పీలును బిలిచెను. జనవరి 1835 నాఁటి యెన్నికలలోఁ బీలు పక్షము పెరిగినను సభలో నధికసంఖ్య కాలేదు. ఏప్రిలులోఁ బీలు దిగిపోయెను. తాను వెళ్ళఁగొట్టిన మెల్బోర్నునే రాజు మరల బిలువవలసివచ్చెను. ఈ రెండు సంఘటనలనడుమ 1832 నాఁటి సంస్కరణశాసనమువలన వోటుహక్కు విస్తరించి యుండెను. రాజు చేతిలోఁ గొంత, ప్రభువుల చేతిలోఁ గొంత నుండిన నియోజకవర్గములు పెక్కు తొలఁగెను. రాజానుగ్రహముచే నెన్నికలను గెలిపించు సాధనము పోయెను గనుక రాజానుగ్రహముచే మంత్రులను నిలుపుటయుఁ బోయెను. ఆ తరువాత నే రాజును సభాబలముగల మంత్రివర్గమును దొలఁగింపలేదు.

ప్రభువుల సభ

రాజు వెనుకకుఁ దగ్గినపిదప సామాన్యుల సభ కెదురుగా నిలిచినది ప్రభువుల సభ. అచ్చట రాజునకు మిగిలిన యొక యధికారమే సామాన్యుల సభకు సాధన మగుట చిత్రము. క్రొత్త ప్రభువులను సృజించు నధికారము రాజుది. 1712 లో ఆన్ రాణి పండ్రెండుగురను సృజించి సంధిపక్షమునకు బలము చేకూర్చెను. 1832 లో నాలుగవ విలియ మట్లు చేయుటకు మొదట నిరాకరించి, గ్రే ప్రభువు రాజీనామాపిదప వెల్లింగ్టను మంత్రివర్గమును గూర్పలేకపోవుటచేఁ గడకంగీకరించెను. బెదరింపే చాలెను, క్రొత్తప్రభు వొక్కఁడును బుట్టక యే సంస్కరణశాసనము గడిచెను.

1909 నవంబరు 30 వ తేదీని ప్రభువుల సభ లాయిడ్ జార్జి బడ్జెటును ద్రోసివేసెను. 1910 లో రెండుమాఱు లెన్నికలు జరిగెను. నడుమ మేనెలలో ఏడవ ఎడ్వర్డు మరణింపఁగా, అనుభవములేని అయిదవ జార్జిపై నీ భారము పడెను. ఎన్నికలలో మంత్రివర్గమే గెలిచిన యెడల వలసినంతమంది ప్రభువులను సృజించుట కాతఁడు నవంబరులో రహస్యముగా మాట యిచ్చెను. 1911 ఆగస్టు 10 వ తేదీని ప్రభువుల సభ తన యధికారమును దానే తగ్గించుకొను శాసనమును 114 వోట్లకు 131 వోట్లతో నొప్పుకొనెను. దానివలన ధనశాసనములను బ్రభువులు నెలకు మించి యాపలేరు. తక్కిన శాసనములను రెండేండ్లకు మించి యాపలేకపోయిరి. 1949 లో నీ రెండేండ్లు నొక యేఁడయ్యెను.

వర్తమానవ్యవహారము

ఇప్పటి క్రమ మిది. సామాన్యుల సభలో 650 స్థానములు. ఎన్నిక ముగియఁగానే సభావిశ్వాసమును బొందఁగల నాయకుని రాజు పిలిచి మంత్రివర్గమును గూర్పుమనును. ఆ నాయకుఁడే తక్కిన మంత్రులను జూపును. మంత్రులలోపల నభిప్రాయభేదము లెన్నియున్నను వెలుపల నొక్కమాటయే. దానిని సమర్థింప నొల్లనివాఁడు పదవిని విడువవలెను. సభలోఁ బ్రశ్నలకు మంత్రు లుత్తరము చెప్పవలెను. విశ్వాసము పోయెనా, దిగిపోవుటయో యెన్నికలకుఁ బోవుటయో తప్పదు. 1979 మార్చి 28 వ తేదీని కాలహను మంత్రివర్గము 310 వోట్లకు 311 వోట్లతో నొక్కవోటున నోడి యెన్నికలకుఁ బోయెను.

రాజునకు నిత్యము ఎఱ్ఱతోలు పెట్టెలలో రాజకార్యపత్రములు వచ్చును. ప్రధానమంత్రి వారమున కొకమాఱు రాజును దర్శించును. అచ్చట మూఁడవ మనిషి యుండఁడు, జరిగిన మాట వెలికి రాదు. 1867 లో వెలువడిన ఇంగ్లీషు రాజ్యాంగమను గ్రంథమున వాల్టరు బాజటు రాజునకు మూఁడు హక్కులు చెప్పెను: మంత్రులు తన్నాలోచన యడుగవలె ననునది, మంత్రులను బ్రోత్సహించునది, హెచ్చరించునది. రెండవ ఎలిజబెతు రాణి డెబ్బదియేండ్ల పాలనమునఁ జర్చిలు మొదలు ట్రస్సు వఱకుఁ బదునేవురు ప్రధానమంత్రులు వచ్చిపోయిరి. కడపటి నియామకమును 2022 సెప్టెంబరు 6 వ తేదీని చేసి, 8 వ తేదీని రాణి మరణించెను. మూఁడవ చార్లెసు రాజయ్యెను. మంత్రులు మాఱుదురు, జ్ఞాపకము నిలుచును. హెచ్చరించు హక్కునకు బలము ఈ జ్ఞాపకమే. కనుక రాజు కొయ్యబొమ్మ యను మొదటిపక్షము నిలువదు.

సందిగ్ధస్థలములు

ఎవ్వరికి నధికసంఖ్య లేనప్పుడు రాజు చేయవలసిన దేమి? 1923 మే నెలలో కర్జను ప్రభువును గాదని అయిదవ జార్జి బాల్డ్విన్నును బిలిచెను. ప్రధాని సామాన్యుల సభలో నుండవలె నను నాచార మీ యెన్నికచే దృఢపడెను. 1965 లోఁ గన్సర్వేటివు పక్షమువారు తమ నాయకుని దామే వోట్లచే నెన్నుకొను నియమము చేసికొనిరి గనుక రాజునకు నెంచుకొను పని యించుమించు లేకపోయెను. 2010 లో నే పక్షమునకు నధికసంఖ్య రానప్పుడును, పక్షములు దమలోఁ దాము సంప్రదించి కామెరాను నాయకత్వమున సంకీర్ణమంత్రివర్గమును గూర్చుకొనుదాఁక రాణి వేచియుండెను.

దీనికంటెఁ గఠినమైన ప్రశ్న మఱియొకటి. మంత్రి యిచ్చిన సలహాయే యక్రమమైన నేమి గతి? 2019 ఆగస్టు 28 వ తేదీని ప్రధాని జాన్సను సలహాపై రాణి పార్లమెంటును నైదువారములు నిలుపుట కాజ్ఞ యిచ్చెను. ఆచారము ననుసరించి రాణి నిరాకరింపలేదు. సెప్టెంబరు 24 వ తేదీని సర్వోన్నతన్యాయస్థానమున పదునొకండుగురు న్యాయాధిపతులు నేకగ్రీవముగా నా సలహా ధర్మవిరుద్ధమనియు, నా నిలుపుదల మొదటినుండి లేనట్లే యనియుఁ దీర్పు చెప్పిరి. స్థానివద్భావమునకును వ్యాకరణమున హద్దు కలదు. వర్ణము నాశ్రయించిన విధులయం దాదేశమును స్థానిగా నెంచరాదు. అట్లే తన్ను నిలిపిన సభనే కారణము చూపక మూయింప రాజు పేరు మంత్రికిఁ జాలదని తేలెను. నిమిత్తమును బోఁగొట్టిన యాదేశ మెట్లు నిలుచును?

ఈ పద్ధతి ఇంగ్లండుతో నాఁగలేదు. భారతరాజ్యాంగము 1950 లో రాజు స్థానమున రాష్ట్రపతిని, రాష్ట్రములందు గవర్నరులను నిలిపి, మంత్రుల సలహాక్రమమునే స్వీకరించెను. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రమునఁ బ్రకాశముగారి మంత్రివర్గము నొక్కవోటుతో నోడిపోయెను. 1984 ఆగస్టు 16 వ తేదీని గవర్నరు రామారావుగారి మంత్రివర్గమును దొలఁగింపఁగా, శాసనసభ బలము క్రొత్తవారికిఁ జేకూరక సెప్టెంబరు 16 వ తేదీని ఆయనయే మరల ముఖ్యమంత్రిగాఁ బ్రమాణము చేసెను. మెల్బోర్ను కథయే నూటయేఁబదియేండ్లకు హైదరాబాదున మరల నడచినది. బలము సభలోనే తేలవలెనని 1994 లో భారత సర్వోన్నతన్యాయస్థానము బొమ్మై వ్యాజ్యమున స్థిరపఱచెను.

సిద్ధాంతము

రాజునందు సర్వాధికార మణఁగియున్నదను రెండవపక్షము 1835 లోనే వీఁగిపోయినది. అధికారము రాజు పేరనున్నది. దానిని నడపునది మంత్రులు. మంత్రులను నిలుపునది సభ. సభను గూర్చునది ప్రజ. వీనిలో నే యొక్కటియుఁ దక్కినవానిని మ్రింగివేయకుండుటయే యీ తంత్రముయొక్క ప్రాణము. పేరు గలవానికిఁ బని లేదు. పని గలవానికి స్థిరత్వము లేదు. ఈ విభాగము శాసనములలోఁ గొంతయే వ్రాయఁబడినది. మిగిలినది ప్రవర్తించువారి నిగ్రహమునందును, ప్రజల జ్ఞాపకమునందును నున్నది. అందుచేతనే ఏటేఁట నా తలుపు రాజదూత మొగముమీఁద మూయఁబడుచున్నది.